మొదటి రూపాయి కంట్రోలర్ మీద కాదు, ఇంజిన్ మీద

కాజీపేట నుంచి ఒక కుర్రాడు మా మోడల్ రైళ్ళ వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒక ప్రశ్న పెట్టాడు. "అన్నా, పదిహేను వేలల్ల డిజిటల్ స్టార్ట్ చేయొచ్చా?" డిజిటల్ అంటే ఒకే ట్రాక్ మీద ఒక్కో ఇంజిన్‌కీ విడిగా ఆదేశం పంపి నడిపే పద్ధతి. కుర్రాడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. అతని దగ్గర హెచ్‌ఓ స్కేలులో (అసలు రైలులో 87వ వంతు) ఒక ఓవల్ ట్రాక్, రెండు పాత డీసీ ఇంజిన్లు (పట్టాల్లోని వోల్టేజిని బట్టి పరిగెత్తేవి), వాటితో వచ్చిన మామూలు కంట్రోలర్ ఉన్నాయి. కాసేపట్లోనే జవాబులు వచ్చిపడ్డాయి. సగం మంది "ఇంకో పాతిక వేలు పోగయ్యేదాకా ఆగు తమ్ముడూ" అన్నారు. మిగతావాళ్ళు విదేశీ కంపెనీల స్టార్టర్ సెట్ల లింకులు పెట్టారు. వాటిలో ఒక్కటి కూడా అతని బడ్జెట్‌కి అందేది కాదు. థాంక్స్ అని ఒక మాట పెట్టి ఊరుకున్నాడు.

నాకు ఆ సంభాషణ మింగుడు పడలేదు. సలహా ఇచ్చినవాళ్ళంతా అనుభవం ఉన్నవాళ్ళే, మంచి మనసుతో చెప్పినవాళ్ళే. కానీ ఆగమన్నవాళ్ళదీ, లింకులు పెట్టినవాళ్ళదీ ఒకటే నమ్మకం: డిజిటల్ అంటే ముందు మంచి కమాండ్ స్టేషన్ (పట్టాల్లోకి ఆదేశాలు పంపే పెట్టె) కొనాలి, మిగతావన్నీ ఆ తర్వాతే. తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్ళు ఈ వరసని తిరగెయ్యాలని నా అభిప్రాయం. చేతిలో ఉన్న డబ్బులో చిన్న వాటా కమాండ్ స్టేషన్‌కి పోవాలి. పెద్ద వాటా ఇంజిన్‌కీ, దాని లోపల కూర్చుని ఆ ఆదేశాలు అందుకునే చిన్న సర్క్యూట్‌కీ, అంటే డీకోడర్‌కీ పోవాలి.

పట్టాల మీద నడిచేది ఒకటే

ఇంత ధీమాగా అనడానికి కారణం డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్, ఈ డిజిటల్ పద్ధతి పేరు) పుట్టిన తీరులోనే ఉంది. 1980ల చివర్లో జర్మనీకి చెందిన లెంజ్ కంపెనీ తయారుచేసిన పద్ధతిని తీసుకుని, అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో దాన్ని అందరూ వాడుకునే ప్రమాణంగా మార్చింది. ఆ ప్రమాణానికి ముఖ్యం పట్టాల మీద ఏ సిగ్నల్ వెళ్ళాలి అన్నది. కమాండ్ స్టేషన్ లోపల ఏ చిప్పు ఉండాలి, థ్రాటిల్‌కి, అంటే వేగం మార్చే చేతి కంట్రోలర్‌కి ఎన్ని బటన్లు ఉండాలి అన్నవి తయారీదారుల ఇష్టం. అందుకే ఒక కంపెనీ డీకోడర్ ఇంకో కంపెనీ స్టేషన్ మాట వింటుంది. అన్నీ ఒకేసారి, ఒకేచోట కొనాల్సిన అవసరం లేనిది కూడా అందుకే. (మార్క్‌లిన్ మూడు పట్టాల పాత సెట్టు ఎక్కడైనా చౌకగా దొరికితే ఈ లెక్కలో కలపకండి. దాని పద్ధతి వేరు.)

ఆ సిగ్నల్ సంగతి తెలిస్తే భయం ఇంకా తగ్గుతుంది. రెండు పట్టాల పోలారిటీ సెకనుకి వేలసార్లు తారుమారవుతూ ఉంటుంది. తరంగంలో ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు ఉంటే అది '1' అనే అంకె, 100 లేదా అంతకు మించి ఉంటే '0'. కరెంటూ అదే, కబురూ అదే. ఇంజిన్‌లోని డీకోడర్ దాన్ని రెక్టిఫై చేసుకుని మోటారు నడుపుతుంది, తన నంబరుకి వచ్చిన ఆదేశాన్ని కూడా అందులోంచే చదువుకుంటుంది. 58 మైక్రోసెకన్లు కొలవడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. కాలేజీ ప్రాజెక్టుల్లో వాడే ఆర్డ్యూనో బోర్డు ఆ పని శుభ్రంగా చేస్తుంది. గ్రెగ్ బెర్మన్ అనే ఆయన డీసీసీ ప్లస్ ప్లస్ అనే ఉచిత ప్రోగ్రాం రాసి ఆ సంగతి చేసి చూపించాడు. దాన్నే ఇప్పుడు డీసీసీ-ఈఎక్స్ అనే వలంటీర్ల బృందం పెంచి పోషిస్తోంది. నా కమాండ్ స్టేషన్ కూడా అలా ఆర్డ్యూనోతో చేసుకున్నదే.

ఎవరి స్టేషన్ అయినా కుదుపు అదే

తార్నాకలో నాకొక మిత్రుడున్నాడు. ఆయన దగ్గరున్నది నిజంగా మంచి కమాండ్ స్టేషన్, విదేశం నుంచి తెప్పించుకున్నది. "మీ ఆర్డ్యూనో రైలుని నడిపిస్తుందండీ, కాదనను. కానీ నడకలో ఆ నాజూకుతనం రాదు" అని ఎప్పుడూ అంటాడు. ఒక ఆదివారం ఆయన లేఅవుట్ మీదే చూద్దామన్నాను. ట్రాక్‌కి వెళ్ళే రెండు వైర్లు ఆయన స్టేషన్ నుంచి తీసి నాదానికి కలిపితే సరి, ఇంకేమీ మార్చక్కర్లేదు.

ముందు ఆయన దగ్గరున్న ఒక డీజిల్ ఇంజిన్ పెట్టాం. అందులో ఉన్నది అతి చౌక డీకోడర్. ఆయన స్టేషన్ మీద 128 వేగం స్టెప్పుల్లో మొదటి కొన్నిటికి ఉలుకూ పలుకూ లేదు, ఆ తర్వాత ఒక్కసారిగా కుదుపుతో ముందుకి దూకింది. నా ఆర్డ్యూనో మీద పెడితే, అదే చోట అదే కుదుపు. తర్వాత బ్యాక్-ఈఎంఎఫ్ బాగా పనిచేసే డీకోడర్ ఉన్న ఇంజిన్ పెట్టాం. అది రెండిటి మీదా, ఒక్కో స్లీపరు దాటుతుంటే లెక్కపెట్టుకునేంత నెమ్మదిగా పాకింది. ఏ ఆదేశం ఎవరి పెట్టెలోంచి వచ్చిందో దానికి పట్టలేదు.

అందులో వింతేమీ లేదు. మంచి డీకోడర్ మోటారుకి కరెంటు ఇస్తూ ఇస్తూ రెప్పపాటు ఆపుతుంది. ఆ క్షణంలో మోటారు జనరేటర్‌లా పుట్టించే వోల్టేజిని (బ్యాక్-ఈఎంఎఫ్ అంటే ఇదే) కొలిచి, నిజంగా ఎంత వేగంతో తిరుగుతోందో తెలుసుకుని, తక్కువైతే కాస్త పెంచుతుంది, ఎక్కువైతే తగ్గిస్తుంది. ఈ పనంతా ఇంజిన్ లోపలే జరుగుతుంది. స్టేషన్ "స్టెప్పు మూడు" అని చెప్పగలదంతే. ఆ మూడు ఎలా ఉండాలో తేల్చేది డీకోడరూ, మోటారూ, గేర్లూ, శుభ్రంగా ఉన్న చక్రాలూ.

ఆ రోజు మిత్రుడు వేసిన ఎదురు ప్రశ్న మాత్రం న్యాయమైనదే. "చేతిలో నాబ్ తిప్పుతుంటే కళ్ళు రైలు మీద ఉంటాయి. మీ ఫోన్ థ్రాటిల్‌తో కళ్ళు స్క్రీన్ మీద ఉంటాయి కదా?" అన్నాడు. నిజమే. యార్డులో పెట్టెలు కలుపుతున్నప్పుడు గాజు స్క్రీన్ మీద వేలు ఎక్కడుందో తెలియదు. 'ఇంజిన్ డ్రైవర్' అనే ఫోన్ యాప్‌లో వేగం మార్చడానికి ఫోన్ వాల్యూమ్ బటన్లు వాడుకునే వీలుంది. దానితో చాలావరకు సర్దుకుంటుంది, పూర్తిగా కాదు. కమాండ్ స్టేషన్‌కి డబ్బు పెడితే నిజంగా దొరికే సుఖం ఈ నాబే. అది రెండో ఏడాదో మూడో ఏడాదో కొనుక్కోగలిగిన సుఖం అని నా వాదన.

కోఠీలో కొనేటప్పుడు

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి కోఠీ గుజరాతీ గల్లీలో ఈ సామానంతా దొరుకుతుంది. మిగతా ఊళ్ళవాళ్ళు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. ముఖ్యంగా కావలసింది ఆర్డ్యూనో మెగా 2560 బోర్డు, ఎల్298పీ చిప్పున్న మోటార్ షీల్డు (ఆర్డ్యూనో మీద అమర్చే పవర్ బోర్డు), 14 లేదా 15 వోల్టుల డీసీ అడాప్టర్ ఒకటి. మెగాకి క్లోన్ (నకలు) బోర్డు తీసుకుంటే, ఇవన్నీ కలిపి నాకు మూడు వేల లోపే అయ్యాయి. క్లోన్ బోర్డుల్లో యూఎస్‌బీ చిప్పు సాధారణంగా సీహెచ్340 ఉంటుంది. కంప్యూటర్ బోర్డుని గుర్తుపట్టకపోతే దాని డ్రైవర్ వేసుకుంటే చాలు, బోర్డు పోయిందని టెన్షన్ పడక్కర్లేదు.

షీల్డు దగ్గర మాత్రం కళ్ళు తెరుచుకుని ఉండాలి. "మోటార్ షీల్డ్ ఇవ్వండి" అంటే చాలా కొట్లలో చేతిలో పెట్టేది ఎల్293డీ షీల్డు. చూడ్డానికి అలాగే ఉంటుంది, ధర తక్కువ, బొమ్మ కార్ల రోబోలకి బాగా పనికొస్తుంది. కానీ దాని ఒక్కో చానల్ 600 మిల్లీ ఆంపియర్లే మోస్తుంది, పైగా ఎంత కరెంటు పోతోందో కొలిచే ఏర్పాటు అందులో లేదు. నేను కొట్టువాడికి ఈ తేడా చెబితే, "అందరూ ఇదే తీస్కపోతరు సార్" అన్నాడు. తీసుకెళ్తారు, ఎందుకంటే వాళ్ళకి కావలసింది వేరు. చిప్పు మీద నంబరు చదివి కొనండి. ఎర్ర రంగులో విడిగా వచ్చే ఎల్298ఎన్ మాడ్యూళ్ళతో కూడా రైళ్ళు నడిపేవాళ్ళున్నారు. కరెంటు కొలిచే దారి లేకుండా వాటిని అలాగే కలిపేయడం నాకు ఇష్టం లేదు. రైలు పట్టాలు తప్పి షార్ట్ అయినప్పుడు కట్ చేయాలని ఆర్డ్యూనోకి తెలియాలి. తెలియకపోతే ఆ వేడి మీ పాయింట్ల (దారి మార్చే పట్టాల) ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది.

ఇంకొకటి. షీల్డుకి ఇచ్చే పవర్ విన్ (Vin) అనే పిన్ ద్వారా ఆర్డ్యూనోలోకి కూడా వెళ్తుంది. 12 వోల్టులు దాటిన అడాప్టర్ వాడుతుంటే షీల్డు అడుగున ఆ పిన్‌కి పవర్ కలిపే లింకుని బ్లేడుతో తెంపాలి, ఆర్డ్యూనోకి విడిగా యూఎస్‌బీ నుంచి పవర్ ఇవ్వాలి. లేకపోతే బోర్డు మీది రెగ్యులేటర్ కాగిపోతుంది. అడాప్టర్ 15 వోల్టులది ఎందుకంటే, ఎల్298 చిప్పు తన వంతు ఓ రెండు వోల్టులు మింగేస్తుంది. పట్టాల మీదకి 13 దాకా వస్తే హెచ్‌ఓకి చాలు. ఇలాంటి స్టేషన్ నమ్మకంగా ఇచ్చేది ఒకటిన్నర ఆంపియర్ దాకా అనుకోండి. ఇప్పటి ఇంజిన్లు మామూలుగా అర ఆంపియర్ కూడా లాగవు కాబట్టి, రెండు మూడు రైళ్ళకి ధోకా లేదు.

రైలు ఎక్కించే ముందు జేబులోంచి ఒక రూపాయి బిళ్ళ తీసి లేఅవుట్ చుట్టూ అడుగడుగునా రెండు పట్టాల మీదా అడ్డంగా పెట్టి చూడండి. ప్రతిచోటా పవర్ వెంటనే కట్ అవ్వాలి. ఏ మూలైనా కట్ అవ్వకపోతే అక్కడిదాకా కరెంటు సన్నగా వస్తోందని అర్థం, అక్కడ ఇంకో ఫీడర్ వైరు (పట్టాకి నేరుగా కరెంటు తెచ్చేది) టంకం పెట్టాలి. పట్టాలని కలిపే జాయినర్లని నమ్ముకోవడం డీసీలో చెల్లినట్టు ఇక్కడ చెల్లదు. నా లెక్కలో స్టేషన్ తర్వాతి ఖర్చు ఇదే, ట్రాక్ కింద పొడుగునా వెళ్ళే రెండు లావుపాటి బస్ వైర్లు, వాటి నుంచి పైకి లేచే ఫీడర్లు. వెయ్యి రూపాయల్లో తేలిపోతుంది. దీని ఫొటో ఎవరూ గ్రూపులో పెట్టరు. రైలు ఆగకుండా తిరిగేది మాత్రం దీనివల్లే.

"నాకెందుకండీ ఈ ప్రోగ్రాములు"

ఈ వాదనంతా ఒక పెద్దాయనకి చెప్పాను. బ్యాంకులో రిటైరయ్యారు, మనవడి పేరు చెప్పి తన కోసం సెట్టు కొనుక్కున్నారు. "ఈ వయసులో నాకెందుకండీ ఈ ప్రోగ్రాములు, సోల్డరింగులు? బటన్ నొక్కితే రైలు కదలాలి" అన్నారు. ఆయనకి నేను ఎదురు చెప్పలేదు. డబ్బుంది, టంకం వాసన సరిపడదు, సాయంత్రం ఓ గంట రైలు నడుపుకోవాలి. అలాంటివాళ్ళు రెడీమేడ్ సెట్టు కొనుక్కోవడమే మేలు. వీలైతే సెకండ్ హ్యాండ్‌లో, ఎదురుగా నడిపి చూపిస్తేనే.

కానీ ఆయన ఇంకో మాట అన్నారు, "ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ మీద ఎంతని నమ్మకం పెట్టుకుంటాం" అని. అక్కడ ఒప్పుకోలేదు. డీకోడర్ల సెట్టింగులు మార్చడానికి మనం వాడే జేఎంఆర్‌ఐ అనే కంప్యూటర్ ప్రోగ్రాం ఉచితమే, అందులోని డీకోడర్‌ప్రో లేకపోతే సీవీ నంబర్లు (డీకోడర్‌లో ఒక్కో సెట్టింగుకీ ఉండే నంబరు) కంఠస్థం చేయాల్సిందే. ఈ జేఎంఆర్‌ఐ ఫైళ్ళని ఒక వ్యాపార సంస్థ పేరు చెప్పకుండా వాడుకుందని, ప్రాజెక్టుకి చెందిన రాబర్ట్ జేకబ్‌సన్ అమెరికాలో కోర్టుకెక్కాడు. ఉచితంగా ఇచ్చినా సరే, లైసెన్సు షరతులు మీరితే అది కాపీరైట్ ఉల్లంఘన కావచ్చని ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు 2008లో తీర్పు చెప్పింది. మోడల్ రైళ్ళ కోసం రాసిన సాఫ్ట్‌వేర్ మీద నడిచిన ఆ కేసుని ఓపెన్ సోర్స్ లాయర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంత పట్టుదలతో కాపాడుకున్న పనిని ఉచితం కాబట్టి నాసి అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మరమ్మతు సంగతి కూడా చూడాలి. విదేశీ స్టేషన్‌కి వారంటీ ఉంటుంది, కానీ దాన్ని వాడుకోవాలంటే పార్సిల్ సముద్రాలు దాటి వెళ్ళి రావాలి. షీల్డు కాలిపోతే మర్నాడు కోఠీ వెళ్ళి ఇంకోటి తెచ్చుకోవచ్చు.

దిగుమతి లెక్క కూడా ఇటే మొగ్గుతుంది. బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. మోడల్ రైళ్ళు కూడా ఆ పద్దులోకే వస్తాయి. సుంకం, కొరియర్ కలిపి పెద్ద డబ్బా తెప్పించుకునేసరికి ధర రెట్టింపు దాకా పోతుంది. డీకోడర్ బొటనవేలి గోరంత ఉంటుంది. సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చే బావగారి సూట్‌కేసులో నాలుగు డీకోడర్లు ఏ మూలకి సరిపోతాయి? అదే స్టార్టర్ సెట్టు తెమ్మంటే అక్కయ్య మొహం మారుతుంది. పైగా అక్కడి సెట్లలో కొన్నిటి అడాప్టర్లు 120 వోల్టులకే పనిచేస్తాయి, ఇక్కడి 230 మీద పెడితే బూడిదే.

పాత ఇంజిన్లని ఏం చేయాలి

నా వాదనకి గట్టి అభ్యంతరం ఇక్కడుంది. ఇరవై ఇంజిన్లు ఉన్నవాడు ఒక్కోదానికీ రెండు మూడు వేల డీకోడర్ పెట్టుకుంటూ పోతే, స్టేషన్ మీద ఆదా చేసిందంతా అక్కడ పోతుంది కదా? పోతుంది. అందుకే అన్నిటినీ మార్చొద్దంటాను. అసలు ఒకే ఓవల్ మీద ఒకే రైలు తిరుగుతూ ఉంటే మీకు ఆనందమైతే, డీసీతోనే ఉండిపోండి, నష్టమేమీ లేదు. ఒకే పట్టాల మీద రెండు ఇంజిన్లు ఎదురెదురుగా వచ్చి ఆగాలి, ఒకటి లూప్‌లో నిలబడాలి అనిపించిన రోజున డిజిటల్ కావాలి. డీసీలో ఆ పని చేయాలంటే ట్రాక్‌ని బ్లాకులుగా కోసి, ఒక్కో బ్లాకుకీ ఒక స్విచ్చు పెట్టుకుంటూ పోవాలి. ఆ స్విచ్చులకీ వైర్లకీ పెట్టే డబ్బుతో రెండు డీకోడర్లు వస్తాయి.

కాజీపేట కుర్రాడి దగ్గరున్న రెండు పాత ఇంజిన్ల లాంటివాటికి ఒక దారి ఉంది, చాలామందికి తెలియదు. డీసీసీ-ఈఎక్స్ వెర్షన్ 5 నుంచి షీల్డు మీది రెండు ఔట్‌పుట్లలో దేన్నయినా డీసీగా మార్చుకోవచ్చు. అంటే ఒక ట్రాక్ మీద పాత డీసీ ఇంజిన్‌ని ఫోన్‌తో నడుపుతూ, ఇంకో ట్రాక్ మీద డీకోడర్ ఉన్న కొత్త ఇంజిన్‌ని నడపొచ్చు. రెండు ట్రాకులూ ఎక్కడా కలవకూడదు, అంతే. డీకోడర్ లేని ఇంజిన్‌ని డీసీసీ ట్రాక్ మీద పెడితే మోటారు జుమ్మని మూలుగుతూ వేడెక్కుతుంది. కోర్‌లెస్ మోటారైతే కాలిపోతుంది కూడా.

పాతదాన్ని మార్చాలనే పట్టుదల ఉంటే ముందు 12 వోల్టులు ఇచ్చి, మోటారుని వేళ్ళతో కాసేపు కదలకుండా పట్టుకుని ఎంత కరెంటు లాగుతోందో చూడండి. డీకోడర్ మోయగలిగే దానికంటే, అంటే హెచ్‌ఓలో సాధారణంగా ఒక ఆంపియర్ కంటే, ఎక్కువైతే ఆ మోటారుకి డీకోడర్ పెట్టి లాభం లేదు. తర్వాత మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి మోటారు టెర్మినళ్ళు రెండూ చక్రాల నుంచి పూర్తిగా తెగిపోయాయో లేదో చూడాలి. పాత ఇంజిన్లు చాలావాటిలో మోటారు బ్రష్ ఒకటి నేరుగా చాసిస్‌కే ఆని ఉంటుంది. అది విడదీయకుండా డీకోడర్ నుంచి మోటారుకి వెళ్ళే నారింజ, బూడిద రంగు వైర్లు కలిపితే పవర్ ఇచ్చిన క్షణంలో డీకోడర్ పొగై పోతుంది. ఎరుపు కుడి పట్టాకి, నలుపు ఎడమ పట్టాకి. ముందు లైటుకి తెలుపు, వెనక లైటుకి పసుపు, రెండిటికీ ఉమ్మడిగా నీలం. మొదటిసారి పవర్ ఇచ్చేది ప్రోగ్రామింగ్ ట్రాక్ (డీకోడర్ సెట్టింగులు రాసే విడి ట్రాక్) మీదే. అక్కడ కరెంటుకి హద్దు ఉంటుంది కాబట్టి, తప్పు వైరింగ్ ఉన్నా డీకోడర్ బతికే అవకాశం ఎక్కువ.

ఇంత శ్రమ మొదటి ఇంజిన్‌కి వద్దు. పదిహేను వేలలో స్టేషన్‌కి మూడు, వైరింగ్‌కి ఒకటి, మంచి డీకోడర్‌కి మూడు పోగా, మిగిలిన ఎనిమిది వేలతో డీకోడర్ సాకెట్ ఉన్న ఇంజిన్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో వెతకాలి. ఎనిమిది పిన్నులదైనా ఇరవై ఒకటిదైనా ఫరవాలేదు, డీకోడర్ ప్లగ్గు దానికి సరిపోవాలి. కొత్త డీకోడర్ మూడో నంబరు అడ్రసుతో వస్తుంది. పాత ఓనరు ఏవేవో సెట్టింగులు మార్చి పెట్టిన డీకోడర్ అయితే, సీవీ 8లో 8 అని రాస్తే చాలా రకాల్లో మొదటికొస్తుంది. సీవీ 3, 4 కాస్త పెంచితే ఇంజిన్ బరువున్నదానిలా మెల్లగా బయల్దేరి మెల్లగా ఆగుతుంది. ఆ ఒక్క మార్పుకే చూసేవాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి.

ఆల్కో శబ్దం

సౌండ్ డీకోడర్ మామూలుదానికి మూడింతలు ఉంటుంది. బడ్జెట్ మీద మొదలుపెట్టేవాళ్ళకి మొదటి డీకోడర్ మూగదే తీసుకోమని చెబుతాను, లెక్క ప్రకారం అదే సరైనది. కానీ ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతులో అంత బలం ఉండదు. కాజీపేటలోనో గుత్తిలోనో షెడ్డు పక్కన పెరిగినవాళ్ళకి రైలంటే ముందు ఆల్కో అనే అమెరికా కంపెనీ డీజిల్ ఇంజిన్ శబ్దమే. మన డబ్ల్యూడీఎం-2 రైలింజిన్‌లో ఉన్న పదహారు సిలిండర్ల '251' మోడల్ ఇంజిన్ ఖాళీగా నిలబడి లయ తప్పినట్టు కొట్టుకోవడం, బయల్దేరగానే నల్లటి పొగ ఎగజిమ్మడం, ఇవి చూసే చాలామంది ఈ పిచ్చిలో పడ్డారు. అమెరికా ఆల్కోల కోసం చేసిన 251 సౌండ్ ఫైళ్ళు మన ఇంజిన్‌కి చాలా దగ్గరగా ఉంటాయి, ఎందుకంటే ఇంజిన్ కుటుంబం ఒకటే. ఆ శబ్దం కోసం రెండో ఇంజిన్ కొనడం మానుకుని, ఉన్న ఒక్కదానికే సౌండ్ పెట్టుకున్న మనిషి తప్పు చేశాడని నేను అనలేను. డబ్బు ఇంజిన్ లోపలే పడింది కదా.

అలా పెట్టుకునేవాళ్ళు డీకోడర్ కంటే ముందు స్పీకర్ జాగా చూసుకోవాలి. ఇంజిన్ బాడీ విప్పి, లోపల ఇంధన ట్యాంకు పక్కనో క్యాబ్ వెనకో ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలవండి. ఇప్పుడు ఫోన్లలో వచ్చే షుగర్ క్యూబ్ అనే బుల్లి స్పీకర్ అందులో పడుతుంది. దాని చుట్టూ డబ్బా గాలి చొరకుండా బిగించి ఉండాలి. సందు ఉంటే ఎంత ఖరీదైన డీకోడర్ అయినా ఆల్కో కాస్తా దోమలా రొద పెడుతుంది.